ఇరవై మూడు పిల్లులు, అయిదు గంటలు

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర, వైనతేయ గట్టు దిగువన ఒక ఊరు. టీచరుగా రిటైరయ్యాను. మా అత్తగారు పోయాక ఆవిడ పెంచిన బూరె అనే పిల్లిని చూసుకోవడంతో ఈ పని మొదలైంది. పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి, పెద్దవాళ్లు పోయాక తాళం పడిన ఇళ్ల పిల్లులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. చేపల మార్కెట్ దగ్గర గోనెసంచిలో కట్టి పడేసినవి కొన్ని. మా పెరట్లోని పాత పెంకుటింట్లో ఇప్పుడు 23 ఉన్నాయి, వాటిలో ఆరు ముసలివి. మోకాళ్ల నొప్పి వల్ల నేను రోజుకి మూడు గంటలకి మించి చేయలేను. అయిదుగురు వాలంటీర్లు ఉండేవారు. భాద్రపదంలో ఆరు కూనలు వాంతులు, విరేచనాలతో నాలుగు రోజుల్లో పోయాయి. అప్పట్నుంచి ఇద్దరు రావడం మానేశారు. మిగిలిన ముగ్గురిలో రోజుకి ఇద్దరు, ఒక్కో గంట వస్తున్నారు. పక్కింటివాళ్లు వాసన అంటున్నారు. కార్తీకంలో మా అమ్మాయి పురిటికి వస్తోంది. పిల్లులున్న ఇంటికి కోడల్ని పంపనంటోంది మా వియ్యపురాలు. నిన్న రాత్రి గేటు దగ్గర మళ్లీ అట్టపెట్టె, అందులో నాలుగు కూనలు. వద్దని ఎలా చెప్పను? బూరెకి 14 ఏళ్లు. ఈమధ్య నీళ్లు తెగ తాగుతున్నాడు, చిక్కిపోయాడు. వయసు వల్లేనా?

సమాధానం: టీచర్ గారూ, మీ ఉత్తరంలో రెండు సంగతులు ఆగేవి కావు. ముందు అవి చెప్తాను.

ఆ నాలుగు కూనల్నీ దయచేసి పెంకుటింట్లోకి తీసుకెళ్లకండి. భాద్రపదంలో మీ కూనలు పోయిన తీరు చూస్తే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు అయ్యుండే అవకాశమే ఎక్కువ. కుక్కల్లో పార్వో అంటామే, దానికి దగ్గరి చుట్టం. ఆ వైరస్ నేలలో, గోనెపట్టాల్లో, మన చెప్పుల అడుగున ఏడాది దాకా బతికి ఉండగలదు. అందుకని కూనల్ని పిల్లులు లేని ఇంట్లో, మీ వాలంటీర్లలో ఎవరి స్నానాలగదిలోనైనా సరే, 14 రోజులు విడిగా ఉంచండి. వాటిని చూసే మనిషి ఆ రెండు వారాలూ పెంకుటింటి వైపు రాకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుంటే మొదటి ట్రైక్యాట్ టీకా వేయించి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. ఇంకా కళ్లు తెరవని పసికూనలైతే ముందు ఒళ్లు వెచ్చబెట్టండి, ఆ తర్వాతే పాలు. చల్లబడ్డ కూనకి పాలు పడితే అరగదు, ప్రాణం మీదికొస్తుంది. పట్టాల్సింది కూడా గేదెపాలు కాదు, పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి.

ఇక బూరె. ముసలి పిల్లి నీళ్లగిన్నె దగ్గరే కూర్చుని, ఒంట్లో కండ కరిగిపోతుంటే దాన్ని వయసు మీదికి నెట్టేయకండి. ముందు కిడ్నీల్ని అనుమానించాలి. పిల్లి కిడ్నీలు దాదాపు మూడింట రెండు వంతులు దెబ్బతినేదాకా పైకి ఏమీ కనిపించదు. షుగరు, థైరాయిడ్ కూడా ఇలాగే ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష, మూత్రపరీక్ష రెండూ చేయించాలి. పెద్ద ఊళ్లో పెంపుడు జంతువుల డాక్టరు దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి. అక్కడ తేలకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. మీ పి.గన్నవరం కాదు, విజయవాడ దగ్గరి గన్నవరం. ఈలోగా ఎండుచేప ముక్క కూడా పెట్టకండి, ఆ ఉప్పు వాడికి పడదు. ఒకటిన్నర రోజు ఏమీ ముట్టకపోతే మాత్రం వారం దాకా చూడొద్దు, వెంటనే తీసుకెళ్లాలి. తిండి మానేసిన పిల్లికి కాలేయం కూడా పాడవుతుంది.

కిడ్నీ జబ్బని తేలినా భయపడిపోకండి. మా దగ్గర ఒక తెల్ల ముసలి పిల్లి అదే జబ్బుతో ఏడాదిన్నర బతికింది. డాక్టరు చెప్పిన రోజుల్లో చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. ఇంటర్ చదివే కుర్రాడొకడు డాక్టరు దగ్గర నేర్చుకుని ఆ పని చేసేవాడు. ముందు సీసాని గోరువెచ్చటి నీళ్లలో పెట్టేవాడు, చల్లటిది లోపలికెళ్తే అది ఉలిక్కిపడుతుందని. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా లేపి సూది పెట్టేవాడు. ఎక్కినంతసేపూ వాళ్ల చెల్లెలు ఉప్పూకారం లేకుండా చేప ఉడికించిన నీళ్లు చెంచాతో పట్టేది. అయ్యాక దాని భుజం మీద నిమ్మకాయంత ఉబ్బు, కాసేపటికి కాలిలోకి జారి మాయమయ్యేది. మొత్తం ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ ఎవరివి అన్నదే మీ మిగతా ప్రశ్నలన్నిటికీ మూలం.

మీరు టీచరు కాబట్టి లెక్కతోనే చెప్తాను. శుభ్రం, తిండి, ఒకసారి ఒళ్లంతా తడిమి చూడటం, వీటికి ఆరోగ్యంగా ఉన్న పిల్లికి రోజుకి పావుగంట కావాలి. ముసలిదానికి అరగంట. మందు మింగించాలి, చిక్కు పడిన బొచ్చు దువ్వాలి, పళ్లు ఊడినదానికి మెత్తగా చిదిమి పెట్టాలి. మీ 17 మామూలు పిల్లులకి 255 నిమిషాలు. ఆరు ముసలివాటికి 180. మొత్తం ఏడుంపావు గంటలు. మీ దగ్గరున్నవి మీ మూడు గంటలు, వాలంటీర్ల రెండు గంటలు, వెరసి అయిదు. తక్కువపడిన రెండుంపావు గంటలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఊడవని మూలల్లోంచి, పట్టి చూడని పళ్లలోంచి, బూరె చిక్కిపోతున్నాడని నెలాలస్యంగా గమనించడంలోంచి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. నేనూ ఇదే చేశాను.

మా దగ్గర 18 పిల్లులకి సరిపోయే చోట ఒకప్పుడు 41 పెట్టాను. కాదంటే అవి చచ్చిపోతాయన్న భయంతోనే పెట్టాను. ఒక వానరోజు ఒకాయన తెచ్చిన సంచిని విడిగా ఉంచడానికి గది లేక అందరి మధ్యా విప్పాను. పదకొండు రోజుల్లో 14 పోయాయి. వాటిలో సంచిలోంచి వచ్చినవి మూడే. మిగిలిన పదకొండూ నన్ను నమ్ముకుని అప్పటికే నా దగ్గరున్నవి. ఆ తర్వాత గోడ మీద సుద్దతో ఒక అంకె రాసుకున్నాను. అది దాటలేదు.

మీ అయిదు గంటల్లో ముసలివాటి మూడు గంటలు పక్కన పెడితే మిగిలేది రెండు గంటలు, అంటే ఎనిమిది మామూలు పిల్లులు. మీ అంకె 14. తొమ్మిది ఎక్కువున్నాయి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, జబ్బువీ ముసలివీ ఎలాగూ పోయేవేనని వాటిని వదిలేసి ముద్దొచ్చేవి ఉంచుకుంటారు. మీరు దీనికి పూర్తిగా తిరగేసి చేయండి. తాళం వేసిన ఇంటి అరుగు మీద వారాలపాటు ఎదురుచూసిన ముసలి పిల్లికి మీ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. వయసులో ఉన్నదానికి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి ఇస్తామంటే రైస్ మిల్లులవాళ్లు, కొబ్బరి గోడౌన్లవాళ్లు రెండేసి తీసుకుంటారు, ఎలుకల బాధ వాళ్లకి తెలుసు. మిల్లు ఊరికి దూరంగా ఉంటే మొదటి మూడు నాలుగు వారాలు ఒక గదిలో మూసి ఉంచి అలవాటు చేయమనండి, లేకపోతే తప్పిపోతాయి. ఎలుకల మందు పెట్టే మిల్లుకి మాత్రం ఇవ్వకండి. మనిషి చేయి తగిలితే వణికిపోయే మార్కెట్ పిల్లుల్ని, ఆరోగ్యంగా ఉంటే, ఆపరేషన్ తర్వాత ఎడమ చెవి కొస కత్తిరింపు గుర్తుతో వాటి చోటికే చేర్చి, రోజూ అక్కడే తిండి పెట్టండి. నాలుగు గోడల మధ్య వాటికి సుఖం లేదు. ఇవన్నీ ఇప్పుడే కాదు, చివరి కూన పోయి నెల దాటాక, ఉన్నవన్నీ కులాసాగా ఉన్నాయని డాక్టరు చెప్పాకే.

వద్దని ఎలా చెప్పాలని అడిగారు. ఉత్త చేతులతో వద్దంటే ఆ పెట్టె రాత్రికి గట్టు మీద ఉంటుంది. అందుకే ఎవరైనా కూనల్ని తెస్తే తల్లి ఎక్కడుందని ముందు అడగండి. తల్లిని మాకు రెండు రోజులు ఇవ్వండి, ఆపరేషన్ చేయించి తిరిగిస్తాం, ఎనిమిది వారాలు కూనలు తల్లి దగ్గరే ఉండనివ్వండి, దాణా మేం ఇస్తాం, తర్వాత ఇళ్లు వెతకడానికి సాయం చేస్తాం అనండి. ఆపరేషన్ ఎప్పుడన్నది డాక్టరు చెప్తారు, పాలిచ్చే తల్లికి సాధారణంగా కూనలు తిండి మరిగేదాకా ఆగుతారు. అందాకా దాన్ని గదిలోనే ఉంచమనాలి. పిల్లికి చూలు రెండు నెలలే. పాలిస్తూనే మళ్లీ చూలు కడుతుంది. ఆడకూన నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. తల్లిని వదిలేసి కూనల్ని తీసుకుంటూ పోతే మీ గేటు దగ్గర పెట్టెలు ఆగవు. ఒక మాట చెప్పాలి, గేటుకి బోర్డు లాంటిదేమైనా ఉంటే తీసేయండి. పిల్లుల్ని దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. కానీ ఊళ్లో కేసుల దాకా వెళ్తే పెట్టెలు రాత్రిపూట ఇంకా దూరంగా, కాలువలోనే పడతాయి.

శుభ్రం దగ్గరికొస్తే, ఇంట్లో ఫినాయిల్ సీసా ఉంటే ఈరోజే బయటపెట్టండి. ఆ వాసనలో ఉండే ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం విరవలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, లోపలికెళ్తుంది. అదే కారణంతో పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లిని చంపగలదు, జ్వరంగా ఉందని ఏ వాలంటీరూ తెలియక వేయకుండా గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. పాన్‌ల్యూకోపీనియా వైరస్‌ని చంపేది బ్లీచింగ్ పౌడరు. ముందు సబ్బునీళ్లతో కడిగి, లీటరు నీటికి ఒక చిన్న చెంచా, అంటే సుమారు అయిదు గ్రాములు, ఏ రోజుకారోజు కలిపి, పది నిమిషాలు నాననిచ్చి, మంచినీళ్లతో కడిగి ఆరాకే పిల్లుల్ని వదలాలి. మట్టినేలని మాత్రం ఏదీ బాగుచేయలేదు. ఆ గది నేలకి సిమెంటు చేయించగలిగితే చేయించండి, టీకా పూర్తికాని కూనని ఏడాదిదాకా అటు రానివ్వకండి.

పక్కింటివాళ్ల గోడు న్యాయమైనదే. ట్రేల్లో ఇసుకో ఊకో వాడుతుంటే మానేసి కొబ్బరిపొట్టు వేయండి. అంబాజీపేట చుట్టుపక్కల పీచు తీసేచోట బస్తాలకొద్దీ ఉంటుంది. తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీల్చుకుంటుంది, వాసన పట్టి ఉంచుతుంది. దుమ్ము లేవకుండా కాస్త నీళ్లు చిలకరించి వాడాలి. బూరెలాంటి కీళ్లనొప్పుల పిల్లులకి ట్రే గోడ ఒకవైపు మూడు వేళ్ల ఎత్తుకి కోసేయండి. గోడ దాటలేకే పక్కన పోస్తాయి, మనమేమో పాడలవాటు అనుకుంటాం.

తిండి గురించి రెండు ముక్కలు. అన్నం, పాలు, పెరుగన్నం మీద పిల్లి నిలబడదు. టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోంచే రావాలి, అది లేకపోతే చూపు పోతుంది, గుండె పాడవుతుంది. చికెన్ షాపులో గుండెకాయలు అడిగి తెచ్చుకోండి, టారిన్ వాటిలో బాగా ఉంటుంది. ఉడికించిన నీళ్లు పారబోయకండి, సగం సారం అందులోకే దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి వద్దు. కొన్ని రకాల పచ్చి చేపలు బి1 విటమిన్‌ని చెడగొడతాయి, అందుకే చేప ఏదైనా ఉడికించే పెట్టాలి.

మీ వియ్యపురాలి భయం ఊరికే పుట్టింది కాదు, ఆవిడతో వాదించకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు, కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా సోకితే బిడ్డకి ప్రమాదం. అయితే పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడే, ఒకటి నుంచి మూడు వారాలపాటు దాన్ని వదులుతుంది. మలం పడిన వెంటనే అంటదు, ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ ట్రేలు తీసేస్తే ఆ దారి చాలావరకు మూసుకున్నట్టే. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరలు, మట్టి చేతులు అంతకంటే మామూలు దారులు. అమ్మాయి పెంకుటింట్లోకి అడుగుపెట్టకూడదు, ట్రేలు ముట్టకూడదు. ఆమెకి ఇంతకుముందే సోకిందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, డాక్టర్ని అడగమనండి. ఈ మాట వియ్యపురాలికి మీరు కాక ఆ డాక్టరే చెప్తే ఇంకా మంచిది.

నాకు టెన్షన్‌గా ఉన్నది వేరే సంగతి. పురుడొచ్చాక పసిబిడ్డకి లాలపోసేది మీరు. అమ్మాయికి పథ్యం వండేది మీరు. ఆ మూడు నెలలూ పిల్లుల దగ్గర మీ మూడు గంటలు ఉండవు. మిగిలేది వాలంటీర్ల రెండు గంటలు, ఆరు ముసలివాటికే మూడు కావాలి. కార్తీకం ఎంతో దూరం లేదు. ఉదయం ఊడ్చి కడగడానికి ఒక మనిషిని జీతానికి పెట్టుకోండి. సేవ చేసేచోట జీతమేమిటని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. రోజూ ఆరింటికి ఖాయంగా వచ్చే ఒక్క జీతపు మనిషి వల్లే మిగతా స్వచ్ఛంద సేవ నిలబడుతుంది. చందాలు అడగాల్సింది కూడా దీనికోసమే. కనీసం ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకుని విడిగా బ్యాంకు ఖాతా తెరవచ్చు. మీ పెన్షన్, పిల్లుల డబ్బు ఒకే ఖాతాలో ఉండకూడదు.

వాలంటీర్లకి హాజరుపట్టీ పెట్టండి, అది మీకు కొత్త కాదు. ఎవరికి వీలైతే వాళ్లు రండి అంటే ఆదివారం ఆరుగురు వస్తారు, మంగళవారం ఎవరూ రారు. మంగళవారం ఉదయం ఫలానా మనిషిది, రాలేకపోతే ఫలానా మనిషిది అని రాసి ఉండాలి. పిల్లికో పేజీ: తిన్నదా, ట్రేలో ఏముంది, మందు పడిందా. వారానికోసారి తూకం. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గితే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. బూరె సంగతి ఆ కాగితం మీ కంటే ముందు చెప్పేది. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి పంపండి. ముందుజాగ్రత్త రేబిస్ టీకాలు వాలంటీర్లందరికీ వేయిస్తే మరీ మంచిది.

తుపాను కాలం నడుస్తోంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. హెచ్చరిక రాగానే పిల్లుల్ని చేర్చడానికి ఒక డాబా ఇంట్లో గది ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. రొయ్యల ట్రేలు రెండు మూతికి మూతి బోర్లించి తాడుతో కడితే మోసుకెళ్లే బోను అవుతుంది. పిల్లికొక జత, దాని మీద పేరు. వరదలకైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే కదలండి. రెండో హెచ్చరిక, అంటే 13.75 దాకా ఆగితే గట్టు దిగువన రోడ్డు మీకు ఉంటుందన్న నమ్మకం లేదు. పొలాల్లో సామూహికంగా ఎలుకల మందు పెట్టే తేదీని రైతు సేవా కేంద్రంలో ముందే కనుక్కుని, తర్వాత రెండు మూడు వారాలు ఒక్క పిల్లినీ బయటికి వదలకండి. మందు తిన్న ఎలుకని తింటే పిల్లికీ రక్తస్రావం మొదలవుతుంది. నీరసంగా ఉండి చిగుళ్లు పాలిపోతే కె1 విటమిన్ కోసం పరుగెత్తాలి.

చివరగా, మానేసిన ఆ ఇద్దరు పిల్లలు. ఫోన్ చేయకండి, వాళ్ల ఇళ్లకి వెళ్లండి. పనికి రమ్మని అడగడానికి కాదు. ఆ కూనలు ఎందుకు పోయాయో వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. తాము పెట్టిన పాలవల్లో, రాత్రి కిటికీ మూయకపోవడంవల్లో అని వాళ్లు ఇన్నాళ్లూ లోపల్లోపల కుమిలిపోతుండొచ్చు. అది కంటికి కనపడని వైరస్ అని, టీకా పడని కూనల్లో డాక్టరు చేతిలో పెట్టినా చాలావరకు దక్కవని కూర్చుని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ ఇద్దరూ తిరిగి వస్తే కార్తీకంలో మీకు నాలుగు గంటలు ఉంటాయి. ముసలివాటికి మూడు, ఇంకో నాలుగు పిల్లులకి ఒకటి, జీతపు మనిషి పని దానికి అదనం. రాకపోయినా ఆ మాట వాళ్లకి చెప్పాల్సిందే. లేచేటప్పుడు, బూరెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం, బస్సులో ట్రేల బోను పట్టుకోవడానికి తోడు వస్తారా అని మాత్రం అడగండి.